దసరాకి గోవానా, కుంతాలనా? ఉత్తర తెలంగాణ టూరిజంలో లేనిదల్లా 'రాత్రి'!

దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లల్లో ఒకటే ముచ్చట. ఈసారి ఎటు పోదాం? కుర్రాళ్లు గోవా అంటారు. ఇంట్లో పెద్దోళ్లు తిరుపతి అంటారు. పిల్లలు సముద్రం చూడాలంటారు. చివరికి వైజాగ్, అరకు దగ్గర పంచాయితీ తెగుతుంది. పక్కనే ఉన్న కుంతాల జలపాతం, కవ్వాల్ అడవి పేర్లు వస్తే మాత్రం "అదెంతసేపు, పొద్దున పోయి సాయంత్రం వచ్చేయొచ్చు" అనే మాట వినిపిస్తుంది.

ఉత్తర తెలంగాణ పర్యాటకం మొత్తం కథ ఈ ఒక్క మాటలోనే ఉంది. చూడ్డానికి జనం వస్తున్నారు. ఉండటానికి రావట్లేదు. చూసి వెళ్లిపోయే జనానికి, ఒక రాత్రి ఉండే జనానికి తేడా ఏంటి? ఆ తేడా ఎవరి జేబులో కనిపిస్తుంది? ఈ సెలవుల్లో మూడు రోజులు ఇక్కడే తిరగాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

సముద్రం లేదు.. నీళ్లకు మాత్రం కొదవ లేదు

హాలిడే అంటే చాలామందికి గుర్తొచ్చేవి రెండు. ఒకటి నీళ్లు, రెండోది ఆ ఊరి ప్రత్యేకమైన రుచి. గోవాకి సముద్రం, ఫెనీ ఉన్నాయి. నాసిక్‌కి ద్రాక్షతోటలు, వైన్ ఉన్నాయి. అరకుకి కొండలు, కాఫీ ఉన్నాయి.

తెలంగాణకు సముద్రతీరం లేదు. అయితే పాత ఆదిలాబాద్ జిల్లాలో నీళ్లు కొండల మీది నుంచి దూకుతాయి. నేరడిగొండ మండలంలో కడెం వాగు మీద ఉన్న కుంతాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. రాష్ట్రంలోని పెద్ద జలపాతాల్లో ఇదొకటి. కిందికి దిగాలంటే వందల మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. బోథ్ వైపు వెళ్తే పొచ్చెర జలపాతం ఉంది. ఎత్తు కుంతాల కంటే తక్కువే గానీ వెడల్పుగా, హోరుగా దూకుతుంది. బజార్‌హత్నూర్ మండలం గిర్నూర్ దగ్గర కనకాయి, నేరడిగొండ మండలంలోనే గాయత్రి, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో మిట్టె జలపాతం ఉన్నాయి. వీటిలో కొన్నిటికి కొంత దూరం నడిచే వెళ్లాలి.

ఇటు కరీంనగర్‌లో మానేరు మీద లోయర్ మానేరు డ్యామ్ ఉంది. నిండుకుండలా ఉన్నప్పుడు కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు మసకగా కనిపిస్తుంది. 24 టీఎంసీల జలాశయం ఇది. సాయంత్రమైతే ఊరు ఊరంతా కట్ట మీదే ఉంటుంది. 2023 జూన్‌లో కేబుల్ బ్రిడ్జి తెరిచాక ఫొటోలు, రీల్స్ కోసం వచ్చేవాళ్లూ పెరిగారు.

అంటే చూడ్డానికి సరుకు ఉంది. మరి తేడా ఎక్కడ కొడుతోంది?

రెండు క్యాలెండర్లు.. కలిసేది ఒక్కసారే

ఉత్తర తెలంగాణ టూర్‌లో మొదటి చిక్కు కాలంతోనే. జలపాతానికి ఒక క్యాలెండర్, అడవికి ఇంకో క్యాలెండర్.

కుంతాల, పొచ్చెర వానల మీద ఆధారపడ్డ జలపాతాలు. జులై నుంచి ఊపందుకుంటాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లో పూర్తి జోరు మీద ఉంటాయి. చలికాలం ముదిరేకొద్దీ ధార సన్నబడుతుంది. ఎండాకాలంలో వెళ్తే ఎక్కువగా కనిపించేది రాళ్లే.

కవ్వాల్ సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో విస్తరించిన ఈ అడవిని 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. కోర్, బఫర్ కలిపితే 2,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. పులుల అభయారణ్యాల్లో సాధారణంగా జులై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీలు ఆపేస్తారు. జంతువులు జతకట్టే కాలం అని ఒక కారణం, మట్టిదారులు బురదగా మారతాయని ఇంకో కారణం. అడవిలో జంతువులు బాగా కనిపించేది ఆకు రాలి, నీటి గుంటలు తగ్గిపోయే ఎండాకాలంలో. అప్పుడు ఆదిలాబాద్‌లో ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది.

ఇంకా సూటిగా చెప్పాలంటే.. జలపాతం దూకేటప్పుడు అడవి గేటు మూసి ఉంటుంది. గేటు తెరిచి జంతువులు కనిపించే వేళకి జలపాతం ఎండిపోతుంది. అందుకే వచ్చినవాళ్లు ఏదో ఒకటి చూసి వెనక్కి తిరుగుతున్నారు. రెండోది లేనప్పుడు రెండో రోజు ఎందుకుండాలి?

ఈ రెండు క్యాలెండర్లూ కలిసేది ఒక్కసారే, అక్టోబర్‌లో. వానలు వెనక్కి తగ్గుతాయి గానీ వాగుల్లో నీళ్లు ఇంకా పారుతూనే ఉంటాయి. సఫారీలు మళ్లీ మొదలవుతాయి. ఎండ మంట ఉండదు, చలి ఇంకా కొరకదు. బతుకమ్మ, దసరా సెలవులు ఎక్కువగా పడేది కూడా ఈ కాలంలోనే. దసరా నుంచి దీపావళి మధ్య గోండు గూడేల్లో దండారీ సందడి మొదలవుతుంది.

గోవాకి డిసెంబర్ ఎలాగో, ఈ ప్రాంతానికి అక్టోబర్ అలాగ. మరి ఆ నెల చుట్టూ ఒక సీజన్‌ను ఎవరైనా కట్టారా అన్నదే ప్రశ్న.

డే ట్రిప్‌తో ఎవరికి లాభం?

ఒక ఆదివారం కుంతాలకు వచ్చే కుటుంబం ఖర్చు ఎక్కడ పెడుతుందో ఓసారి లెక్కేసుకుందాం. డీజిల్ కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో పోయించుకొస్తారు. టిఫిన్ డబ్బాలో తెచ్చుకుంటారు. లేకపోతే 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఏదో ఒక దాబాలో తింటారు. జలపాతం దగ్గర పార్కింగ్, మొక్కజొన్న కంకులు, నీళ్ల బాటిల్, అంతే. చీకటి పడేలోపు హైవే ఎక్కేస్తారు.

ఊరికి మిగిలేది కొన్ని వందల రూపాయలు, బోలెడన్ని ప్లాస్టిక్ బాటిళ్లు.

అదే కుటుంబం ఒక రాత్రి ఉందనుకుందాం. గది అద్దె, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, సఫారీ టికెట్, గైడ్ డబ్బులు, పోయేటప్పుడు పట్టుకెళ్లే బొమ్మో, లడ్డూ డబ్బానో. ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం అక్కడి మనుషుల చేతికే వెళ్తుంది. వంట చేసే ఆమెకు, జీపు నడిపే తమ్ముడికి, బొమ్మ చెక్కే పెద్దాయనకు. టూరిజం ఎక్కడైనా ఒక ఊరికి ఉపాధి అయిందంటే ఆ రాత్రి బస వల్లే.

ఇక్కడ బస అస్సలు లేదని కాదు. టూరిజం శాఖ హరిత హోటళ్లు జన్నారం, కడెం, బాసర, కరీంనగర్‌లలో ఉన్నాయి. నిర్మల్, ఆదిలాబాద్, మంచిర్యాల పట్టణాల్లో ప్రైవేట్ లాడ్జీలున్నాయి. కానీ జలపాతానికి దగ్గర్లో, అడవి అంచున, కుటుంబంతో ధైర్యంగా దిగే గదులు తక్కువ. సెలవుల్లో ఆ కొన్నీ ముందే నిండిపోతాయి. చివరి నిమిషంలో బయల్దేరినవాళ్లకు దొరికేది వెనక్కి వచ్చే దారే.

ఇంకో సమస్య కూడా ఉంది. 2016 అక్టోబర్ 11న, సరిగ్గా దసరా రోజునే, పాత జిల్లాలు విడిపోయాయి. ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వచ్చాయి. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వచ్చాయి. పరిపాలనకు అది సౌకర్యమే. కానీ టూర్‌కి వచ్చినోళ్లు జిల్లా సరిహద్దు చూసుకుని తిరగరు. ధర్మపురి జగిత్యాలలో, జన్నారం మంచిర్యాలలో, కేస్లాపూర్ ఆదిలాబాద్‌లో, కడెం నిర్మల్‌లో ఉన్నాయి. ప్రయాణికుడికి ఇదంతా ఒకటే దారి. ఆ దారి మొత్తాన్ని ఒకే టూర్‌గా చూసి బస్సు, బస, సఫారీ కలిపి అమ్మితే తప్ప రెండో రోజు పుట్టదు.

అదే గోదావరి.. నాసిక్‌లో వైన్, మన దగ్గర?

ఇప్పుడు కాస్త పైకి వెళ్దాం. బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే గోదావరి, ధర్మపురిలో స్నానం చేసే గోదావరి పుట్టింది నాసిక్ దగ్గరి త్రయంబకంలో. ఆ నాసిక్ ఒకప్పుడు కుంభమేళాకి, ఉల్లిగడ్డకి, తినే ద్రాక్షకి పేరున్న ఊరు. ఇప్పుడు దేశంలో వైన్ అనగానే గుర్తొచ్చే ఊరు అదే.

అది ఒక్క రోజులో అవలేదు. 1999లో సులా వైన్యార్డ్స్ మొదలైంది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమకు ప్రత్యేక విధానం తెచ్చి, వైన్ తయారీకి పన్నుల్లో వెసులుబాటు ఇచ్చింది. 2005లో సులా తోట దగ్గరే టేస్టింగ్ రూమ్ తెరిచింది. జనం తోట చూడ్డానికి వచ్చారు, రుచి చూశారు, తర్వాత అక్కడే గదులు వచ్చాయి. ముంబై, పుణె నుంచి వీకెండ్‌కి వచ్చి ఉండిపోయే అలవాటు మొదలైంది.

ఇక్కడ గమనించాల్సింది మద్యాన్ని కాదు, వరుసను. ముందు రైతు పండించే పంట, ఆ పంటకో పేరు, ఆ పేరు కోసం వచ్చే మనిషి, ఆ మనిషికో గది. ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

అరకులో మద్యం లేకుండానే అదే జరిగింది. గిరిజన రైతుల కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. వైజాగ్ నుంచి కొండల్లో సొరంగాలు దాటుకుంటూ వెళ్లే రైలుకు 2017లో అద్దాల బోగీ తగిలించారు. ఇప్పుడు అరకు వెళ్లినవాళ్లు వ్యూ పాయింట్ దగ్గర ఫొటో దిగి ఊరుకోరు, కాఫీ పొడి ప్యాకెట్ పట్టుకుని వస్తారు. అరకు పేరు సూపర్ మార్కెట్ అరల దాకా వెళ్లింది.

మరి ఆదిలాబాద్ పేరు మోసుకెళ్లే రుచి ఏది?

ఇప్పపువ్వు.. లడ్డూ దాకా వచ్చింది, ఇంకా ఎంత దూరం?

జవాబు అడవిలోనే ఉంది. ఇప్పచెట్టు. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి. గోండు, కొలాం, పర్ధాన్, నాయకపోడ్ గూడేల్లో ఆడవాళ్లు, పిల్లలు గంపలు పట్టుకుని చీకట్లోనే చెట్ల కిందికి వెళ్తారు. పూలు ఎండబెట్టి దాచుకుంటారు. ఇప్పపువ్వు వాళ్లకు ఆహారం, మందు, దేవుడికి పెట్టే నైవేద్యం. గింజ నుంచి నూనె తీస్తారు. సారా కూడా కాస్తారు. ఎక్సైజ్ చట్టం ప్రకారం ఆ చివరిది నేరం.

ఇన్నాళ్లూ బయటి ప్రపంచానికి ఇప్పపువ్వు అంటే సారా అనే తెలుసు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఆ పేరును మార్చారు. ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. రక్తహీనత తగ్గించే బలమైన ఆహారంగా గిరిజన హాస్టళ్ల పిల్లలకూ అవి చేరాయి. 2025 మార్చి 30న ప్రధాని నరేంద్ర మోదీ మన్ కీ బాత్‌లో ఆదిలాబాద్ ఇప్పపువ్వు వంటకాల గురించి ప్రస్తావించారు. దాంతో దేశమంతా ఈ పేరు వినిపించింది.

వేరే రాష్ట్రాలు ఏం చేశాయో కూడా చూడాలి. గోవా ఫెనీకి 2009లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత గోవా ప్రభుత్వం దాన్ని తమ వారసత్వ పానీయంగా ప్రకటించింది. మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మే ఆలోచనను ముందుకు తెచ్చి, ఆదివాసీ సంఘాల చేతికే తయారీని ఇచ్చే దారి పట్టింది.

తెలంగాణ కూడా అదే చేయాలా? దీనికి సులభమైన జవాబు లేదు. గుడుంబా వల్ల కుటుంబాలు ఎలా చితికిపోయాయో ఈ జిల్లాల్లోని ఆడవాళ్లను అడిగితే చెప్తారు. సారాకి చట్టబద్ధంగా తలుపు తెరిస్తే లాభం గూడేనికి పోతుందా, పెద్ద కంపెనీకి పోతుందా అన్నది ఇంకో ప్రశ్న. కానీ లడ్డూ విషయంలో ఈ భయాలేవీ లేవు. కుంతాల మెట్ల దగ్గర, జన్నారం సఫారీ కౌంటర్ దగ్గర, 44వ హైవే మీద ఆ లడ్డూ డబ్బా సులువుగా దొరికితే చాలు. అరకుకి కాఫీ చేసిన పని ఆదిలాబాద్‌కి ఇప్పపువ్వు చేయగలదు.

ఇప్పపువ్వు ఒక్కటే కాదు. పొణికి చెక్కతో చేసే నిర్మల్ బొమ్మలకు జీఐ గుర్తింపు ఉంది. జైనూర్ ప్రాంతంలో ఓజా కుటుంబాలు పోత పోసే డోక్రా ఇత్తడి బొమ్మలకు 2018లో వచ్చింది. కరీంనగర్ వెండి నగిషీకి అంతకంటే ముందే వచ్చింది. ఒకే దారిలో మూడు జీఐ కళలు దొరికే టూర్లు రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి?

జలపాతం దగ్గర ప్రాణాలు పోతున్నాయి

ఇక అన్నిటికంటే పెద్ద సమస్య. ఏటా వానాకాలంలో కుంతాల, పొచ్చెర దగ్గర నుంచి విషాద వార్తలు వస్తూనే ఉంటాయి. ఎక్కువగా కుర్రాళ్లే. సెల్ఫీ కోసం రాయి ఎక్కడం, ఈత వచ్చని గుండంలోకి దిగడం, నాచు మీద కాలు జారడం.

కుంతాల ఎందుకంత ప్రమాదకరం? నీళ్లు పడే చోట వందల ఏళ్లుగా రాయి అరిగి లోతైన గుండాలు ఏర్పడ్డాయి. పైనుంచి చూస్తే నీళ్లు నిలకడగా కనిపిస్తాయి, లోపల సుడి తిరుగుతుంటాయి. ఈత వచ్చినవాళ్లు కూడా బయటపడలేకపోయేది అందుకే.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. కడెం వాగు బజార్‌హత్నూర్ వైపు కొండల్లో పుడుతుంది. అక్కడ గట్టి వాన పడితే ఆ నీళ్లు తొందరగా కిందికి వచ్చేస్తాయి. కుంతాల దగ్గర ఎండ కాస్తున్నా ప్రవాహం ఉన్నట్టుండి పెరగొచ్చు. ఈ వాగు తడాఖా ఏంటో 2022 జులైలో రాష్ట్రమంతా చూసింది. కడెం ప్రాజెక్టుకు తట్టుకోలేనంత వరద వచ్చి, ఆనకట్ట నిలుస్తుందా లేదా అని కింది ఊళ్లు రాత్రంతా బిక్కుబిక్కుమంటూ గడిపాయి. 2023 జులైలోనూ దాదాపు అదే భయం.

పిల్లాపాపలతో వచ్చే కుటుంబం ముందు అడిగేది "అక్కడ సేఫేనా?" అని. ఆ ప్రశ్నకు గట్టి జవాబు లేకపోతే ఎన్ని వీడియోలు వైరల్ అయినా లాభం లేదు. కంచె, హెచ్చరిక బోర్డు ఒక్కటే సరిపోవు. వానాకాలమంతా శిక్షణ ఉన్న లైఫ్ గార్డులు ఉండాలి. పైన వాన పడితే కింద సైరన్ మోగే ఏర్పాటు కావాలి. వాగును చిన్నప్పటి నుంచి చూసిన స్థానిక యువకులకంటే ఈ పనికి సరైనవాళ్లు ఎవరు? ఇది భద్రత, ఉపాధి రెండూ అవుతుంది.

అడవి ఎవరిది?

పర్యాటకం పెరగాలనే మాట వినగానే గూడేల్లో ఇంకో భయం లేస్తుంది. దానికి కారణాలున్నాయి.

కవ్వాల్ కోర్ ఏరియాలో ఉన్న రాంపూర్, మైసంపేట్ గ్రామాలను 2024లో బయటికి తరలించారు. కడెం మండలంలో కొత్త పునరావాస కాలనీ కట్టారు. 2025 మే 30న ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి కవ్వాల్‌కి పులులు వచ్చే దారిని కాపాడటానికి ఆసిఫాబాద్ జిల్లాలో కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ ఏర్పాటు చేస్తామంది. పోడు భూములు పోతాయేమో, ఊళ్లు ఖాళీ చేయిస్తారేమో అని ఆదివాసీలు రోడ్డెక్కారు. జిల్లా బంద్ దాకా వెళ్లింది. చివరికి 2025 జులైలో ఆ జీవోను ప్రభుత్వం పక్కన పెట్టింది.

జల్, జంగల్, జమీన్ కోసం కుమ్రం భీం పోరాడి ప్రాణాలిచ్చిన నేల ఇది. అడవిలోంచి తమను పంపి, అదే అడవిని జీపుల్లో వచ్చేవాళ్లకు చూపిస్తారా అని గూడెం అడిగితే దానికి జవాబు చెప్పాలి. ఆ జవాబు సఫారీ టికెట్ డబ్బులో గ్రామానికి ఎంత వాటా అన్న దగ్గర మొదలవుతుంది. గైడ్, డ్రైవర్, వంట, హోంస్టే లాంటి పనుల్లో స్థానికులకే మొదటి అవకాశం ఇస్తే పర్యాటకం వాళ్లదవుతుంది. లేకపోతే ఇంకో బయటి వ్యాపారం అవుతుంది.

రాష్ట్ర ప్రభుత్వం 2025-30 పర్యాటక విధానంలో 15 వేల కోట్ల రూపాయల పెట్టుబడులు లక్ష్యంగా పెట్టుకుంది. ఆ డబ్బులో ఎంత రిసార్టుల గోడలకు వెళ్తుంది, ఎంత గూడెం చేతికి వెళ్తుంది? రేపు ఈ జిల్లాల్లో అసలు చర్చ జరగాల్సింది దీని మీదే.

మరి ఈ దసరాకి ప్లాన్ ఎలా?

ప్రభుత్వం చేయాల్సినవి చేసేలోపు కుటుంబాలు చేయగలిగింది ఒకటుంది. డే ట్రిప్‌ను మూడు రోజుల టూర్‌గా మార్చుకోవడం. కరీంనగర్ నుంచి బయల్దేరితే దారి ఇలా పెట్టుకోవచ్చు.

మొదటి రోజు: కరీంనగర్ నుంచి జగిత్యాల మీదుగా ధర్మపురి. లక్ష్మీనరసింహస్వామి దర్శనం, గోదావరి ఒడ్డు. రాయపట్నం వంతెన దాటి లక్సెట్టిపేట మీదుగా జన్నారం. సాయంత్రం సఫారీ దొరికితే అప్పుడే, లేకపోతే మర్నాడు పొద్దున్నే. రాత్రి బస జన్నారంలోనే.

రెండో రోజు: జన్నారం నుంచి ఉట్నూరు. ఇప్పపువ్వు లడ్డూలు అడిగి కొనుక్కోవాలి. అక్కడి నుంచి ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా ఆలయం. మెస్రం వంశీయులు ఏటా పుష్య అమావాస్యకు కాలినడకన గోదావరి జలం తెచ్చి జాతర చేసేది ఇక్కడే. తర్వాత గుడిహత్నూర్ దగ్గర హైవే ఎక్కి ఆదిలాబాద్‌లో గానీ, కిందికి నిర్మల్‌లో గానీ రాత్రి ఉండాలి.

మూడో రోజు: పొద్దున్నే కుంతాల, జనం రాకముందే. తర్వాత పొచ్చెర. మధ్యాహ్నానికి నిర్మల్ చేరి బొమ్మలు తయారుచేసే చోట ఒక గంట. ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా వెనక్కి.

ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇదే దారిని తిప్పి పట్టుకోవచ్చు. చివరి రోజు కరీంనగర్‌లో ఎల్గందుల కోట, సాయంత్రం మానేరు డ్యామ్, వెండి నగిషీ పని, వీలైతే వేములవాడ రాజన్న దర్శనం.

బయల్దేరే ముందు ఇవి గుర్తుంచుకోవాలి:

- జన్నారం గది, సఫారీ రెండూ ముందే బుక్ చేసుకోవాలి. సఫారీ తెరిచారో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. వానలు వెనకబడితే తేదీలు మారొచ్చు.
- అడవి దారుల్లో రాత్రి పూట వాహనాలపై ఆంక్షలు ఉంటాయి. చీకటి పడకముందే చెక్‌పోస్టులు దాటేలా చూసుకోవాలి.
- సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. చేతిలో కొంత నగదు ఉండాలి. పెట్రోల్ పట్టణంలోనే పోయించుకోవాలి.
- జలపాతం దగ్గర నీళ్లలోకి దిగొద్దు. నీటి రంగు ఎర్రమట్టి రంగులోకి మారినా, హోరు పెరిగినా వెంటనే పైకి వచ్చేయాలి.
- మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కుంతాల మెట్లు కష్టం. వాళ్లను పైనే కూర్చోబెట్టి, పొచ్చెరకు తీసుకెళ్లడం మేలు.
- దండారీ చూడాలనుకుంటే ఒక మాట. గుస్సాడీ గూడేలకు పండగ, పూజ. టూరిస్టుల కోసం వేసే డ్యాన్స్ కాదు. ఊరి పటేల్‌ను అడిగి, ఒప్పుకుంటేనే ఫొటోలు తీయాలి.

అతిథిని చూసుకోవడం ఇక్కడ కొత్త కాదు

దండారీ గురించి బయటివాళ్లకు అంతగా తెలియని విషయం ఒకటుంది. ఒక గూడెం దండారీ బృందం ఇంకో గూడేనికి అతిథిగా వెళ్తుంది. ఆ ఊరు వాళ్లకు ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, రాత్రంతా వాళ్లతో కలిసి ఆడుతుంది. మళ్లీ తమ వంతు వచ్చినప్పుడు వీళ్లు వాళ్లూరికి వెళ్తారు. మార్లవాయికి చెందిన కనకరాజు ఈ గుస్సాడీ కళతోనే 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన కన్నుమూసినా ఆ అడుగులు గూడేల్లో ఆగలేదు.

అంటే వచ్చినవాళ్లను ఒక రాత్రి ఉంచుకుని చూసుకోవడం ఎలాగో ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పక్కర్లేదు. కావాల్సింది ఆ ఇంటి వసారా పక్కన ఒక శుభ్రమైన గది, ఒక బాత్రూమ్, బుక్ చేసుకునే వీలు, ఆ డబ్బు ఆ ఇంటికే చేరే ఏర్పాటు.

ఈ అక్టోబర్‌లోనూ కుంతాల మెట్ల దగ్గర బండ్లు బారులు తీరతాయి. అది ఖాయం. చీకటి పడ్డాక వాటిలో ఎన్ని హైవే ఎక్కాయి, ఎన్ని నేరడిగొండ, ఉట్నూరు, జన్నారం వైపు తిరిగాయి అన్నది చూడాలి. ఉత్తర తెలంగాణ టూరిజం పాసైందో ఫెయిలైందో ఆ లెక్కే చెప్తుంది.